పాఠశాల సమాజం, పేద పిల్లల చదువు: తెలుగు నేల గురుకులాల అనుభవం

కూలి పనులతో బతికే కుటుంబాల పిల్లలు బడిలో అడుగుపెట్టేటప్పటికే కొన్ని లోట్లు మోసుకొస్తారు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు ఉండరు. పుస్తకం పెట్టుకోవడానికి చోటుండదు. నాట్లు, కోతల రోజుల్లో బడి మానక తప్పదు. దళిత, గిరిజన పిల్లలకైతే కులం పేరిట ఎదురయ్యే చిన్నచూపు వీటన్నిటికీ తోడవుతుంది. ఇన్ని లోట్లను ఒక్క మంచి ఉపాధ్యాయుడు గానీ, ఒక్క ప్రభుత్వ పథకం గానీ పూడ్చలేవు. బడిలోని పెద్దలందరూ, పిల్లల తల్లిదండ్రులు, చదువు ముగించుకుని వెళ్లినవాళ్లు కలిసి ఒక్కో బిడ్డ ఎదుగుదలకు పూచీపడే ఏర్పాటు కావాలి. విద్యాశాస్త్రంలో దీన్నే పాఠశాల సమాజం అంటారు. పేద పిల్లలు పెద్ద ఫలితాలు సాధించిన ప్రతి చోటా భవనాల కంటే, బడ్జెట్ కంటే, పిల్లల ఎంపిక కంటే ఈ ఉమ్మడి పూచీయే ఎక్కువ పని చేసిందన్నది ఈ వ్యాసం వాదన. తెలుగు రాష్ట్రాల గురుకుల విద్యాలయాలకు అర్ధ శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. వాటి బలాలు, బలహీనతలు రెండూ ఈ వాదనను పరీక్షించడానికి పనికొస్తాయి.

చారిత్రక నేపథ్యం

అణగారిన వర్గాల పిల్లల చదువును ఒక సమాజం తన బాధ్యతగా తలకెత్తుకోవడం ప్రభుత్వ పథకాలతో మొదలైన సంగతి కాదు. 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ (1888–1939), నిజాం పాలనలో దళిత వాడల పిల్లల కోసం బళ్లు తెరిపించారు. ఆ బళ్లకు వెన్నుదన్ను ఆ వాడల సంఘాలే. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్లు పెట్టింది. వాటి మేలు తక్కువది కాదు. వేలాది కుటుంబాల్లో మొదటి తరం చదువరులు ఆ హాస్టళ్లలో తిని, పడుకుని పెరిగినవారే. అయితే ఆ ఏర్పాటులో ఒక చీలిక ఉండిపోయింది. తిండి, బస వార్డెన్ చూసుకుంటాడు. చదువు మరోచోట ఉన్న బడి పంతులు చెబుతాడు. పిల్లవాడు లెక్కల్లో వెనకబడితే వార్డెన్‌కు తెలియదు, రాత్రి జ్వరంతో మూలిగితే పంతులుకు తెలియదు. రెండు శాఖల నడుమ బిడ్డ బాధ్యత ఎవరిదీ కాకుండా పోయేది.

ఈ చీలికను పూడ్చే ప్రయత్నంగా గురుకులం పుట్టింది. పి.వి. నరసింహారావు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల విద్యాలయం మొదలైంది. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో మరో రెండు వచ్చాయి. అలా తెలంగాణ, కోస్తా, రాయలసీమ మూడు ప్రాంతాలకూ ఒక్కోటి దక్కింది. గ్రామీణ పేద పిల్లల్లో చురుకైనవారిని పరీక్షతో ఎంపిక చేసి, చదువు, బస, భోజనం ఒకే ఆవరణలో, ఒకే యాజమాన్యం కింద ఇవ్వడం వాటి పద్ధతి. తర్వాత పి.వి. కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి అయ్యారు. 1986 జాతీయ విద్యా విధానంతో దేశమంతా విస్తరించిన నవోదయ విద్యాలయాల్లో ఈ మూడు బళ్ల నమూనా స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రతిభావంతుల కోసం పుట్టిన నమూనాను అట్టడుగు వర్గాల హక్కుగా మార్చింది రెండో దశ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల నుంచి షెడ్యూల్డ్ కులాల పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు విస్తరించాయి. సంక్షేమ శాఖలో దీర్ఘకాలం పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ (1934–2010) కృషి దీనికి గట్టి ఊతమిచ్చింది. గిరిజన, వెనుకబడిన తరగతుల గురుకులాలు వేర్వేరు సొసైటీల కింద పెరిగాయి. 2014 తర్వాత తెలంగాణలో మైనారిటీ గురుకులాలతో కలిపి అన్ని సొసైటీల సంస్థలు సుమారు వెయ్యికి చేరాయి. అమ్మాయిలకు డిగ్రీ గురుకులాలూ వచ్చాయి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. పూర్ణకు అప్పుడు 13 ఏళ్ల 11 నెలలు. ఆ రోజు నుంచి సంక్షేమ బడి అనే మాటకు ప్రజల మనసులో ఉన్న అర్థమే మారింది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

పాఠశాల నిజంగా పేదరికాన్ని దాటించగలదా అన్న ప్రశ్నపై ఆధునిక చర్చ అమెరికాలో 1966 నాటి కోల్‌మన్ నివేదికతో మొదలైంది. సుమారు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు పరిశీలించిన ఆ నివేదిక, బడిలోని వసతుల తేడాల కంటే కుటుంబ నేపథ్యమే ఫలితాలను ఎక్కువగా నిర్ణయిస్తోందని తేల్చింది. చాలామంది దీన్ని బడి చేతకానితనానికి రుజువుగా చదివారు. ఆఫ్రికన్ అమెరికన్ విద్యావేత్త రొనాల్డ్ ఎడ్మండ్స్ అందుకు ఒప్పుకోలేదు. నగరాల్లోని పేద పిల్లలు బాగా చదువుతున్న బళ్లను ఏరి, అక్కడ ఉమ్మడిగా ఉన్న లక్షణాలను 1979లో వివరించారు: గట్టి నాయకత్వం, ఏ బిడ్డ నుంచీ తక్కువ ఆశించని వాతావరణం, భయపెట్టని క్రమశిక్షణ, చదవడం, రాయడం, లెక్కలకు తొలి ప్రాధాన్యం, చదువులో ఎవరు ఎక్కడున్నారో తరచూ చూసుకునే అలవాటు. ఈ అయిదింటిలో ఏదీ డబ్బుతో కొనుక్కునేది కాదు. అన్నీ మనుషుల మధ్య కుదరాల్సినవే.

దీన్ని మరింత పకడ్బందీగా నిరూపించింది షికాగో. 1990లలో ఆ నగరపు ప్రాథమిక పాఠశాలలను ఏళ్ల తరబడి గమనించిన ఆంథొనీ బ్రైక్ బృందం 2010లో తన ఫలితాలను పుస్తకంగా వెలువరించింది. నాయకత్వం, ఉపాధ్యాయుల సామర్థ్యం, తల్లిదండ్రులతో బంధం, పిల్లలకు భద్రతనిచ్చే వాతావరణం, బోధనలో స్పష్టమైన దారి అనే అయిదు ఆధారాలను ఆ బృందం గుర్తించింది. వీటిలో ఎక్కువ బలంగా ఉన్న బళ్లు, బలహీనంగా ఉన్నవాటి కంటే గణనీయంగా మెరుగుపడే అవకాశం దాదాపు పది రెట్లు ఎక్కువ. ఒక్క ఆధారం బాగా దెబ్బతిన్నా మిగతావి దాన్ని భర్తీ చేయలేకపోయాయి. అంతకుముందు, 2002లో బ్రైక్, బార్బరా ష్నైడర్ ప్రచురించిన అధ్యయనం ఈ అయిదింటినీ కలిపి ఉంచేది పరస్పర నమ్మకమని చూపింది. నమ్మకం బలంగా ఉన్న ప్రతి రెండు బళ్లలో ఒకటి ముందుకు వెళ్తే, నమ్మకం లోపించిన చోట ఏడింటిలో ఒకటే వెళ్లింది.

భారతీయ పరిస్థితికి వచ్చేసరికి కులం ఈ చర్చలో కేంద్రస్థానానికి వస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసిన ప్రయోగాన్ని 2006లో ప్రచురించారు. పై కులాలవారు 321 మంది, కింది కులాలుగా చూసే కుటుంబాలవారు 321 మంది అబ్బాయిలకు దారి వెతికే చిక్కుబొమ్మలు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశాయి. పేరుతో పాటు కులాన్నీ అందరి ముందూ చదివాక, కింది కులాల పిల్లల ఫలితం బాగా పడిపోయింది. అదే పిల్లలు, అదే పని. మారింది వాతావరణం ఒక్కటే. రేమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన మరో అధ్యయనంలో జవాబు పత్రాలపై కులం వివరాన్ని లాటరీ పద్ధతిలో మార్చి ఉపాధ్యాయులతో దిద్దించారు. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు కొద్దిగానైనా తక్కువ మార్కులు పడ్డాయి. అంటే ఆశించడం, నమ్మడం అనేవి మన దగ్గర మెత్తని మాటలు కావు. మార్కుల్లో లెక్కకు వచ్చే సంగతులు.

బడి మార్చినంత మాత్రాన పని జరగదని చెప్పే రుజువు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చింది. 180 గ్రామాల్లో పేద పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించి చేసిన ప్రయోగ ఫలితాలను కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో వెల్లడించారు. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులోనూ లెక్కల్లోనూ ఆ పిల్లలు ప్రభుత్వ బడిలో ఉండిపోయినవారిని మించలేదు. ప్రైవేటు బళ్లు తక్కువ ఖర్చుతో నడిచాయన్నది నిజమే. ప్రభుత్వ బడి దాటితే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకానికి మాత్రం అక్కడ ఆధారం దొరకలేదు.

గురుకులంలో పని చేసే సూత్రం

ఈ ఆధారాల వెలుగులో చూస్తే మంచి గురుకులం చేసే పని స్పష్టమవుతుంది. మొదటిది, బాధ్యత ఒక్కచోటికి చేరుతుంది. పొద్దున పాఠం చెప్పిన ఉపాధ్యాయినే సాయంత్రం స్టడీ అవర్‌లో పక్కన కూర్చుంటుంది. కొందరు పిల్లలకు హౌస్ పేరెంట్‌గా వాళ్ల తిండి, ఆరోగ్యం, దిగులు కూడా ఆమెకు తెలుస్తాయి. రెండోది, కాలం. కూలి ఇంటి బిడ్డకు ఎక్కువగా కరువయ్యేది నిరంతరాయమైన చదువు సమయం. ఆవరణలో ఉండటం వల్ల అది దొరుకుతుంది. మూడోది, తోటివారు. వెనకబడిన విషయాన్ని పై తరగతి పిల్లలు నేర్పడం, తన లాంటి ఇంటి నుంచే వచ్చిన అక్క మెడికల్ సీటు తెచ్చుకోవడం కళ్లారా చూడటం, ఇవి ఏ ఉపన్యాసమూ ఇవ్వలేని ధైర్యాన్ని ఇస్తాయి. నాలుగోది, కులాన్ని తలదించుకోవలసిన గుర్తుగా కాక, దాటి రాదగిన చరిత్రగా చూడటం నేర్పడం. 2012 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, రాష్ట్ర విభజన తర్వాత 2021 దాకా తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాలకు కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ హయాంలో పర్వతారోహణ, ఇంగ్లీషు వక్తృత్వం, ఆటలు, కోడింగ్ వంటివి సంక్షేమ బడి పిల్లలకూ సహజమైనవే అన్న భావన బలపడింది. స్వేరో పేరుతో పూర్వ విద్యార్థులు సంఘటితమయ్యారు. చదువు పూర్తయినవాళ్లు తిరిగి బడికి వచ్చి చిన్నవాళ్లకు దారి చూపడం ఆ సంస్కృతిలో భాగమైంది.

ఈ సూత్రం గోడలతో ముడిపడినది కాదని 2020 కరోనా కాలం చూపింది. బళ్లు మూతపడి పిల్లలు ఊళ్లకు చేరినప్పుడు, సాంఘిక సంక్షేమ గురుకులాల పెద్ద తరగతుల పిల్లలు తమ వాడల్లోనే చిన్నవాళ్లను పోగేసి గ్రామ అభ్యసన కేంద్రాలు నడిపారు. ఫోను లేని, ఇంటర్నెట్ అందని ఇళ్ల పిల్లలకు ఆ నెలల్లో అక్షరంతో బంధం తెగకుండా ఉండటానికి అది తోడ్పడింది. ఆవరణ లేకపోయినా అలవాటైన బాధ్యత పిల్లల వెంట ఊరికి వెళ్లింది.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం ఎంపిక గురించి. అయిదో తరగతి ప్రవేశ పరీక్ష రాసి వచ్చే పిల్లలు ఎలాగూ చురుకైనవారే కదా, ఆ ఫలితం బడి గొప్పతనం ఎలా అవుతుంది? ఇది న్యాయమైన ప్రశ్న. సర్వేలు, తాడికొండ, నవోదయల పాత ర్యాంకులు చూపి గురుకులం గొప్పదనడం చాలదు. అందుకే లాటరీతో ప్రవేశాలు జరిగిన బళ్ల అధ్యయనాలు ముఖ్యం. అక్కడ లోపలికి వచ్చినవారికీ, రాలేకపోయినవారికీ తేడా అదృష్టం ఒక్కటే. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని సీడ్ అనే వసతి పాఠశాలపై కర్టో, ఫ్రయర్ 2014లో ప్రచురించిన అధ్యయనం, అక్కడ చదివిన పేద నల్లజాతి పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ఏటా గట్టి ప్రగతి సాధించారని చూపింది. ఫ్రాన్స్‌లో ఇలాంటి ఒక వసతి పాఠశాలపై 2017లో వెలువడిన అధ్యయనం మరింత జాగ్రత్త నేర్పుతుంది. మొదటి ఏడాది చదువులో లాభం కనిపించలేదు, పిల్లలు దిగులుపడ్డారు. రెండేళ్లకు లెక్కల్లో మంచి ప్రగతి వచ్చింది. అయితే అది ప్రధానంగా మొదటి నుంచీ కాస్త ముందున్న పిల్లలకే దక్కింది.

కాబట్టి ఎంపిక అభ్యంతరానికి పూర్తి జవాబు ఇది: వసతి బడి నిజంగా మేలు చేస్తుంది, కానీ అట్టడుగున ఉన్న బిడ్డకు ఆ మేలు తనంతట తాను అందదు. దానికోసం విడిగా పని చేయాలి. ముంబై, వడోదరలలో ప్రథమ్ సంస్థ నడిపిన బాలసఖి కార్యక్రమం ఆ దారి చూపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజులో కొంతసేపు విడిగా కూర్చోబెట్టి, స్థానిక యువతులు వాళ్లు ఉన్న స్థాయి నుంచే పాఠం చెప్పారు. లాటరీ పద్ధతిలో జరిగిన మూల్యాంకనాన్ని 2007లో ప్రచురించారు. అందరికంటే వెనకున్న పిల్లలే ఎక్కువగా లాభపడ్డారని తేలింది. అయిదో తరగతిలో చేరిన బిడ్డకు రెండో తరగతి పుస్తకం చదవడం రాకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టే బడినే ఉన్నత ఫలితాల బడి అనాలి.

రెండో అభ్యంతరం విడదీయడం గురించి. పదేళ్ల బిడ్డను తల్లి నుంచి వేరు చేసి, మంచి పౌరులుగా మారుస్తామనడం ఆ తల్లి పెంపకాన్ని తక్కువ చేయడం కాదా? ఆదివాసీ పిల్లల విషయంలో భాష, సంస్కృతి తెగిపోతాయన్న భయం కూడా నిజమైనదే. ఈ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆహారం కలుషితమై పిల్లలు ఆస్పత్రి పాలవడం, ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకోవడం వంటి విషాదాలు రెండు రాష్ట్రాల వసతి బళ్లలోనూ జరిగాయి. ఇలాంటివి జరిగినప్పుడు ఆ బడిలో సమాజం తెగిపోయిందని అర్థం: వంట సరుకులు ఎవరూ చూడలేదు, పిల్ల ముఖంలో మార్పు ఎవరూ గమనించలేదు, తల్లికి ఫోను ఎవరూ చేయలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం వసతి బళ్ల పిల్లల భోజనానికి ఇచ్చే డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయల నుంచి 1,330కి, ఎనిమిది నుంచి పదో తరగతి వారికి 1,100 నుంచి 1,540కి పెరిగాయి. ధరలు పెరిగినా ఏళ్లుగా పెరగని ఆ మొత్తాన్ని సవరించడం తప్పనిసరి. అయినా డబ్బు పెరిగితే సరిపోదు. మెస్ కమిటీలో తల్లులు ఉండాలి, వాళ్లు ఎప్పుడు వచ్చినా వంటగది తలుపు తెరిచి ఉండాలి. నెలలో ఒక సెలవు రోజున గేటు దగ్గర టిఫిన్ డబ్బా అందించి వెళ్లే అతిథిగా మిగిలిపోతే తల్లి ఆ సమాజంలో సభ్యురాలు కాలేదు.

మూడో అభ్యంతరం నాయకుల గురించి. ఒక్క మంచి ప్రిన్సిపాల్, ఒక్క ఉత్సాహవంతుడైన అధికారి వెళ్లిపోతే అంతా కూలిపోతుందంటారు. కొన్ని చోట్ల నిజంగానే అలా జరుగుతుంది. అయితే షికాగో అధ్యయనం నాయకత్వాన్ని అయిదు ఆధారాల్లో ఒకటిగానే చూసింది. దాన్ని మిగతా నాలుగింటికి ఊపునిచ్చే శక్తిగా చెప్పింది. ఉపాధ్యాయులు ఒకరి తరగతి ఒకరు చూసే అలవాటు, పూర్వ విద్యార్థుల సంఘం, తల్లిదండ్రుల కమిటీ నిలదొక్కుకున్న బడిలో ప్రిన్సిపాల్ మారినా పని ఆగదు. ఒప్పంద పద్ధతిలో, అరకొర జీతాలతో ఏడాదికోసారి మారిపోయే ఉపాధ్యాయులతో మాత్రం అలాంటి అలవాట్లు కుదరవు. అందుచేత ఖాళీ పోస్టుల భర్తీని పరిపాలనా వ్యవహారంగా తీసిపారేయకూడదు. అది సమాజ నిర్మాణంలో మొదటి పని.

నాలుగోది, వర్గాల వారీ విభజన. దళిత పిల్లలకు ఒక సొసైటీ, గిరిజనులకు ఒకటి, వెనుకబడిన తరగతులకు మరొకటి ఉంటే గోడలు ఎప్పుడు తొలుగుతాయని అడిగేవారున్నారు. ఒకే కష్టం పంచుకున్నవారి మధ్య పిల్లలకు దొరికే భద్రత నిజమైనదే, దాన్ని తోసిపుచ్చలేం. ఎదిగే వయసులో ఇతర వర్గాల పిల్లలతో సమానులుగా కలిసి మెలగడం కూడా అంతే అవసరం. తెలంగాణలో 2024 నుంచి చేపట్టిన యంగ్ ఇండియా సమీకృత గురుకులాల ఆలోచన ఈ దిశగా వేసిన అడుగు. అయితే ఒకే ఆవరణలో ఉంచినంతలో సమానత్వం రాదు. హాఫ్, పాండే ప్రయోగం చెప్పినట్టు, అందరి ముందూ కులం పేరు పలికినప్పుడు ఆ గదిలో ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షకు ఉపాధ్యాయులను సిద్ధం చేయని సమీకృత బడి పాత గాయాలను కొత్త భవనంలోకి మోసుకొస్తుంది.

పగటి బడికి ఈ పాఠాలు

అయిదోది, అన్నిటికంటే బరువైన అభ్యంతరం: గురుకులంలో ఒక్కో విద్యార్థిపై పెట్టే ఖర్చు ఎక్కువ, సీట్లు తక్కువ. పేద పిల్లల్లో అత్యధికులు ఊరి ప్రాథమిక పాఠశాలలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్నారు. మెరుగైనవారిని గురుకులం తీసుకుపోతే ఊరి బడి ఇంకా నీరసించదా? ఈ భయం సహేతుకం. ఎంతమందిని గురుకులాల్లో చేర్చుకున్నామన్నది విజయానికి కొలత కాకూడదు. అక్కడ తేలిన సూత్రాలు ఊరి బడికి చేరాయా అన్నదే చూడాలి. ఆ దారి చట్టంలోనే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు, అంటే 75 శాతం సభ్యులు తల్లిదండ్రులు, సంరక్షకులే కావాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీన వర్గాలకు తగిన వాటా దక్కాలి. తెలంగాణలో 2024లో మహిళా స్వయం సహాయక సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వీటిని మరమ్మతుల బిల్లులకే పరిమితం చేస్తే ఆ శక్తి వృథా అవుతుంది. పొదుపు సంఘం లెక్కలను తేడా రాకుండా చూసుకునే తల్లులకు, తమ పిల్లల్లో ఎందరు చదవగలుగుతున్నారో చూడటం అసాధ్యమేమీ కాదు. ఆ వివరం వాళ్ల ముందు పెట్టాలి, వాళ్ల ప్రశ్నలకు బడి జవాబు చెప్పాలి.

అమెరికాలోని న్యూ హేవెన్‌లో మనోవైద్యుడు జేమ్స్ కోమర్ 1968లో రెండు బలహీనమైన బళ్లతో మొదలుపెట్టిన పని ఇదే కోవలోది. ప్రిన్సిపాల్, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, సహాయక సిబ్బంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని, తప్పెవరిదన్న చర్చ పక్కనపెట్టి, నిర్ణయాలు అందరి సమ్మతితో తీసుకునే పద్ధతి ఆయనది. ఆ బళ్లు వసతి బళ్లు కావు. పిల్లలు సాయంత్రం అదే పేట ఇళ్లకు వెళ్లేవారు. ఏళ్ల తరబడి పట్టుదలగా చేసిన పనితో క్రమశిక్షణ, హాజరు, చదువు మెరుగుపడ్డాయి. గురుకులం ఒకే ఆవరణలో సాధించే బంధాన్ని పగటి బడి సమావేశాలతో, ఇళ్ల సందర్శనతో, సాయంత్రం పూట పర్యవేక్షించే చదువు గంటలతో సాధించాలి. కష్టమే, కానీ జరిగిన పనే.

ఈ ఆధారాలన్నీ చివరికి ఒక కొలమానం దగ్గరికి చేరతాయి. గురుకులాన్ని ఐఐటీ, నీట్ ర్యాంకులతో, ఊరి బడిని పదో తరగతి ఉత్తీర్ణత శాతంతో కొలవడం తేలిక. ఆ అంకెలు ముందున్న పిల్లల గురించే ఎక్కువ చెబుతాయి. అడగవలసిన ప్రశ్నలు వేరు: తరగతిలో చివరన ఉన్న పాతిక శాతం పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు కదిలారు? ఉపాధ్యాయుల్లో ఎందరు మూడేళ్లు దాటి ఒకే బడిలో నిలిచారు? తల్లిదండ్రుల కమిటీ అడిగినవాటిలో ఎన్నింటికి జవాబు దొరికింది? ఎందరు పిల్లలు తమ కష్టం చెప్పుకోదగిన పెద్ద మనిషి బడిలో ఉన్నారని అంటున్నారు? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి బడి గురించి ఈ నాలుగు వివరాలను ఏటా ప్రజల ముందు పెడితే, పేద బిడ్డ విజయం ఎవరో ఒక అసాధారణ వ్యక్తి చలవగా కాక, అందరూ కలిసి కట్టుకోదగిన ఏర్పాటుగా కనిపిస్తుంది. చదువులో పేద బిడ్డకు సమాన హక్కు ఉందని రాజ్యాంగం ఇప్పటికే చెప్పింది. ఆ హక్కును రోజువారీ జీవితంగా మార్చే పూచీ బడిలోని ప్రతి పెద్దవారిదీ.